మసాచ్చో: బొమ్మకు బరువు, నీడ ఇచ్చిన చిత్రకారుడు

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఆర్నో నదికి దక్షిణాన శాంతా మరియా దెల్ కార్మినే అనే చర్చి ఉంది. కార్మెలైట్ సన్యాసులది. అందులో బ్రంకాచ్చీ కుటుంబం పేరు మీదున్న చిన్న ప్రార్థనా మందిరంలోకి అడుగుపెట్టే చోట, అటూ ఇటూ రెండు సన్నటి గోడలు ఎదురెదురుగా ఉంటాయి. రెండింటి పైభాగంలోనూ ఆదాము, హవ్వలే. కుడివైపు బొమ్మ వేసింది మసోలినో అనే చిత్రకారుడు. ఏదెను తోటలో ఆ దంపతులు పక్కపక్కన నిలబడి ఉన్నారు. సర్పానికి బంగారు జుట్టున్న ఆడమనిషి తల. ఇద్దరి ఒళ్ళూ నునుపుగా, చూడముచ్చటగా ఉన్నాయి. పాదాలు మాత్రం నేలకు ఆనీ ఆననట్టు మునివేళ్ళ మీద తేలుతున్నాయి. వెనక అంతా చీకటి. ఆ ఇద్దరినీ తీసి వేరే ఏ గోడ మీద పెట్టినా పెద్ద తేడా రాదు.

ఎడమవైపు బొమ్మ మసాచ్చోది. తోటలోంచి గెంటేసిన తరవాతి క్షణం. పైన ఎర్రటి వస్త్రంలో కత్తి పట్టుకున్న దేవదూత. ఆదాము రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఒళ్ళు దాచుకోవాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. వెక్కి వెక్కి ఏడవడంతో పొట్ట లోపలికి లాక్కుపోయింది. హవ్వ తల పైకెత్తి, నోరు తెరిచి ఏడుస్తోంది. కళ్ళు రెండు నల్లటి గుంటల్లా ఉన్నాయి. చేతులతో ఒంటిని కప్పుకున్న ఆ భంగిమ పాత రోమన్ శిల్పాల్లోని వీనస్‌ది. అక్కడ అది వయ్యారం, ఇక్కడ అది పూర్తిగా దుఃఖం. ఆదాము వెనక కాలు ఇంకా ద్వారాన్ని వదల్లేదు, ముందు కాలు బయటి బీడు నేల మీద పడింది. ఆ పాదాల వెనక నేల మీద నీడలున్నాయి.

రెండు బొమ్మల మధ్య దూరం కొన్ని అడుగులే. వేసినవాళ్ళు ఒకే పనిలో భాగస్వాములు. ఒకే రంగులు, ఒకే సున్నం, ఒకే నిచ్చెనలు. అయినా చూసేవాళ్ళకి రెండు యుగాలు ఎదురుపడినట్టు ఉంటుంది. యూరప్ చిత్రకళ చరిత్రలో మసాచ్చో పేరు రాగానే పర్‌స్పెక్టివ్ గురించి చెబుతారు. బొమ్మలో దూరాన్ని లెక్క ప్రకారం చూపించిన తొలి చిత్రకారుడు ఆయనేనని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే గానీ, అసలు సంగతి అది కాదు. పర్‌స్పెక్టివ్ ఆయనకి ఒక పనిముట్టు. ఆయన తీసుకున్న నిర్ణయం అంతకంటే పెద్దది: పవిత్ర గ్రంథంలోని మనుషుల మీద, వాళ్ళని చూడ్డానికి వచ్చినవాళ్ళ మీద ఒకే వెలుతురు పడాలి, ఇద్దరూ ఒకే నేల మీద నిలబడాలి. ఆయన వేసిన ప్రతి ముఖ్యమైన బొమ్మా ఈ పట్టుదలలోంచే పుట్టింది.

ఆయన అసలు పేరు తొమ్మాసో. పుట్టింది 1401 డిసెంబరు 21న, ఫ్లోరెన్స్‌కి ఆగ్నేయంగా ఆర్నో లోయలో ఇప్పుడు శాన్ జొవాన్నీ వల్దార్నో అని పిలిచే ఊళ్ళో. తండ్రి దస్తావేజులు రాసే నోటరీ. తాతలు చెక్క పెట్టెలు చేసేవాళ్ళు. 1406లో తండ్రి పోయాడు. అదే సంవత్సరం తమ్ముడు జొవాన్నీ పుట్టాడు. తల్లి జాకొపా తరవాత వయసు మళ్ళిన ఒక మందుల వ్యాపారిని పెళ్ళి చేసుకుంది. అప్పట్లో రంగులు దొరికేది మందుల అంగళ్ళలోనే. ఫ్లోరెన్స్‌లో చిత్రకారులకి విడిగా సంఘం ఉండేది కాదు. వైద్యులు, మందులు అమ్మేవాళ్ళ వృత్తి సంఘంలోనే వాళ్ళూ చేరాలి. తొమ్మాసో అందులో 1422 జనవరిలో చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండి నెల కూడా కాలేదు. మసాచ్చో అన్నది ముద్దుగా, కాస్త మోటుగా పిలిచే పేరు. బట్టలు, డబ్బు, ఇంటి వ్యవహారాలు దేన్నీ పట్టించుకోకుండా ధ్యాసంతా పని మీదే పెట్టేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని, సుమారు నూట ఇరవై ఏళ్ళ తరవాత చిత్రకారుల జీవిత చరిత్రలు రాసిన జార్జో వసారీ అంటాడు.

ఆయన ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో చెప్పే కాగితం లేదు. చాలాకాలం మసోలినో శిష్యుడు అనుకున్నారు. 1961లో ఆ అభిప్రాయం బలహీనపడింది. ఫ్లోరెన్స్ దగ్గర్లోని కాషా అనే పల్లెలో, శాన్ జొవెనాలే చర్చి కోసం వేసిన మూడు పలకల చిత్రం ఒకటి ఆ ఏడాది వెలుగులోకి వచ్చింది. దాని మీద 1422 ఏప్రిల్ 23 అని తేదీ ఉంది. సంఘంలో చేరిన మూడు నెలలకే వేసిన బొమ్మ అన్నమాట. బంగారు నేపథ్యం, ఎదురుగా కూచున్న మరియ, పక్కన సాధువులు. పద్ధతంతా పాతదే. కానీ సింహాసనం గీతలు ఒకచోటికి చేరాలని చూస్తున్నాయి. బాల యేసు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని మామూలు పసిపిల్లాడిలా ఉన్నాడు. మసోలినో సుకుమారం ఎక్కడా కనిపించదు. మసాచ్చో గురువుల్ని వెతకాలంటే ఆనాటి చిత్రకారుల కంటే శిల్పుల వైపు, వాస్తుకారుల వైపు చూడడం మేలు.

ఆ శిల్పులు ఊరి నడిబొడ్డునే ఉన్నారు. ఓర్సాన్మికేలే భవనం గూళ్ళలో డొనటెల్లో చెక్కిన మార్కు, జార్జి విగ్రహాలు అప్పటికే నిలబడి ఉన్నాయి. ఒక కాలి మీద బరువు వేసి నిలబడిన పాలరాతి మనుషులు. 1420లో ఫిలిప్పో బ్రూనెల్లెస్కీ పెద్ద చర్చి గోపురం కట్టడం మొదలుపెట్టాడు. మసాచ్చో ఫ్లోరెన్స్‌లో పనిచేసినన్నాళ్ళూ ఆ గోపురం పైకి లేస్తూనే ఉంది. చదునైన పలక మీద కట్టడాన్ని కంటికి కనిపించే కొలతల్లోనే చూపించవచ్చని బ్రూనెల్లెస్కీ అంతకుముందే ప్రయోగం చేసి చూపించాడు. చిత్రకారుడు జొట్టో 1337లో చనిపోయాడు. మనుషులకి ఒడ్డూ పొడవూ ఇచ్చి చూపించిన ఆ పెద్దాయన తరవాత చిత్రకళ మళ్ళీ అలంకారం వైపు ఒరిగింది. శిల్పులు, వాస్తుకారులు మాత్రం మరో దారి వెతుక్కున్నారు. వాళ్ళ దారిలోకి చిత్రకళని తెచ్చింది మసాచ్చో.

అప్పుడు ఊళ్ళో డబ్బున్నవాళ్ళు ఏం ఇష్టపడేవారో తెలియాలంటే, 1423లో జెంటీలే ద ఫాబ్రియానో ముగ్గురు జ్ఞానుల కథ మీద వేసిన చిత్రాన్ని చూడాలి. వేయించింది ఫ్లోరెన్స్‌లోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకడైన పల్లా స్త్రోజ్జీ. బంగారు రేకు, జరీ బట్టలు, గుర్రాలు, వేట కుక్కలు, కోతులు. పలకంతా పండగ ఊరేగింపే. అది గొప్ప చిత్రమే, అందులో సందేహం లేదు. అది వేసిన ఒకట్రెండేళ్ళకే, అదే ఊళ్ళో, మసాచ్చో ఆ మెరుపంతా పక్కనపెట్టి మట్టిరంగు కొండలు, ఆకులు రాలిన చెట్లు, ముతక దుప్పట్లు కప్పుకున్న మనుషుల్ని గోడ మీదకి తెచ్చాడు. ఎవరైనా మెచ్చుకుంటారన్న భరోసా ఏమీ లేని పని అది.

ఆ గోడలే బ్రంకాచ్చీ మందిరానివి. వేయించిన ఫెలిచే బ్రంకాచ్చీ పట్టు వ్యాపారి, 1422లో ఫ్లోరెన్స్ తరఫున కైరో సుల్తాను దగ్గరికి రాయబారిగా వెళ్ళొచ్చినవాడు. పని 1424 ప్రాంతంలో మొదలైంది. కథాంశం అపొస్తలుడైన, అంటే యేసు ముఖ్య శిష్యుల్లో ఒకడైన పేతురు జీవితం. పనికి ముందు కుదిరింది మసోలినో అయి ఉండాలి. వయసులోనూ పేరులోనూ పెద్దవాడు ఆయనే. 1425లో ఆయన హంగరీ వెళ్ళిపోవడంతో గోడలు చాలావరకు మసాచ్చో చేతికొచ్చాయి.

ఈ బొమ్మలు వేసిన పద్ధతి ఎంత కష్టమైందో తెలిస్తేనే వాటి విలువ అర్థమవుతుంది. ఫ్రెస్కోలో రంగుని తడి సున్నపు గార మీదే వేయాలి. నీళ్ళలో కలిపిన రంగు ఆ తడిలోకి ఇంకుతుంది, సున్నం ఆరేకొద్దీ గోడలో భాగమైపోతుంది. అందుకని పొద్దున్నే ఆ రోజు వేయగలిగినంత మేరకే గార పూస్తారు. సాయంత్రానికి అది ఆరిపోతుంది. తప్పు పోతే దిద్దడానికి లేదు, గార చెక్కేసి మళ్ళీ పూయాల్సిందే. ఒక రోజు పూతకీ మరుసటి రోజు పూతకీ మధ్య అతుకు దగ్గరగా చూస్తే కనిపిస్తుంది కాబట్టి, ఏ బొమ్మకి ఎన్ని రోజులు పట్టిందో నిపుణులు లెక్కపెట్టగలరు. ఆదాము హవ్వల బొమ్మ నాలుగు రోజుల పని. ఏడుస్తున్న హవ్వ ముఖాన్ని దగ్గర్నుంచి చూస్తే సన్నటి గీతలేం ఉండవు. నాలుగైదు పెద్ద కుంచె పట్టులు, వెలుగు ఒకచోట, చీకటి ఒకచోట. దిద్దే వీలు లేని గోడ మీద అంత ధైర్యంగా కుంచె వేయాలంటే, మొదలుపెట్టక ముందే ఆ ముఖం మనసులో పూర్తయి ఉండాలి.

పైవరసలో ఎడమ గోడంతా పరుచుకున్నది పన్ను కథ, సుమారు ఆరు మీటర్ల పొడవు. మత్తయి సువార్త 17వ అధ్యాయంలోది. కపెర్నహూములో దేవాలయపు పన్ను వసూలు చేసేవాళ్ళు పేతురుని అడుగుతారు. సరస్సుకి వెళ్ళి గాలం వేయి, మొదట పడిన చేప నోట్లో ఒక షెకెలు ఉంటుంది, దాంతో పన్ను కట్టు అని యేసు చెబుతాడు. మసాచ్చో మూడు ఘట్టాల్నీ ఒకే చోట పెట్టాడు. మధ్యలో యేసు, చుట్టూ శిష్యులు, మనకి వీపు పెట్టి చెయ్యి చాపిన పన్ను వసూలుదారు. ఎడమ చివర సరస్సు ఒడ్డున, దుప్పటి పక్కన పడేసి, గొంతుక్కూచుని చేప నోరు తెరుస్తున్న పేతురు. కుడి చివర ఇంటి ముందు వసూలుదారు అరచేతిలో నాణెం పెడుతున్న పేతురు.

ఈ బొమ్మలో మొదట చూడాల్సింది చేతులు. యేసు చెయ్యి సరస్సు వైపు చూపిస్తుంది. పేతురు చెయ్యి అదే వైపు వెళుతుంది, కానీ ముఖంలో 'నిజంగానా?' అన్న చికాకు. వసూలుదారు ఒక చేత్తో అడుగుతూ, ఇంకో చేత్తో ఇంటి వైపు చూపిస్తున్నాడు. ఎవరూ నోరు విప్పలేదు, గొడవంతా అర్థమైపోతుంది. తరవాత చూడాల్సింది కాళ్ళు. వసూలుదారు పొట్టి చొక్కా కింద పిక్కలు బిగిసి ఉన్నాయి, బరువంతా ఒక కాలి మీద ఉంది. శిష్యులు ఒకరి వెనక ఒకరు కాకుండా గుండ్రంగా నిలబడ్డారు, వాళ్ళ మధ్య ఖాళీ నేల ఉంది. తల వెనక తేజోవలయాలు కూడా పాత బొమ్మల్లోలా ఎదురుగా అతికించిన బిళ్ళలు కావు. తల ఎటు తిరిగితే అటు వాలిన పళ్ళేలు. కుడివైపు ఇంటి గీతల్ని లోపలికి పొడిగిస్తూ పోతే, నిటారుగా సాగే రోడ్డు అంచులు దూరాన కలిసినట్టు అవన్నీ యేసు తల దగ్గర కలుస్తాయి. బొమ్మ మొత్తంలో అందరికంటే నిశ్చలంగా ఉన్న ముఖం కూడా అదే. మిగతా ముఖాలతో పోలిస్తే మెత్తగా ఉన్న ఆ ఒక్క తలని మసోలినో వేశాడని చాలామంది నిపుణులు నమ్ముతారు.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. ఈ గోడ మీది నీడలన్నీ ఎడమవైపుకే పడతాయి, అంటే వెలుతురు కుడినుంచి వస్తోంది. మందిరంలో కిటికీ కూడా కుడిపక్కనే, బలిపీఠం వెనక గోడలో ఉంది. ఆదాము హవ్వల నీడలూ అంతే. ఎదురుగా ఉన్న గోడ మీది బొమ్మల్లో వెలుతురు దిక్కు మారుతుంది, ఎందుకంటే అటునుంచి కిటికీ ఎడమ పక్కకి వస్తుంది. మందిరంలో నిలబడ్డ భక్తుడి మీద ఏ కిటికీ వెలుతురు పడుతోందో, పేతురు దుప్పటి మడతల మీద పడేది కూడా అదే. పూర్వం బంగారు నేపథ్యం ఉన్న బొమ్మల్లో వెలుగు ఏ దిక్కు నుంచీ రాదు, అది దేవుడి లోకం వెలుగు. మసాచ్చో గోడ మీద ఉన్నది పగటిపూట వెలుతురు.

ఈ కథనే ఎందుకు ఎంచుకున్నారన్నదానికి చాలా జవాబులున్నాయి. ఫ్లోరెన్స్ 1423 నుంచి మిలాన్‌తో యుద్ధంలో ఉంది, ఖజానా ఖాళీ అవుతోంది. 1427లో 'కతాస్తో' అనే కొత్త పన్ను వచ్చింది. ప్రతి ఇంటివాళ్ళూ ఆస్తి, అప్పు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాసివ్వాలి. యేసే పన్ను కట్టాడు, మీరూ కట్టండి అని చెప్పడానికే ఈ బొమ్మ అని కొందరి వాదన. ఈ ముడి అంత గట్టిగా కనిపించదు. మందిరమంతా పేతురు కథే, అందులో ఈ ఘట్టం సహజంగానే వస్తుంది. కానీ పన్నుల టెన్షన్‌లో ఉన్న ఊరి జనం ఈ గోడ ముందు నిలబడి ఆ వసూలుదారుని గుర్తుపట్టకుండా ఉండరు. తలవెనక వలయం లేనిది అతనొక్కడికే. అతని నిలబడే తీరు, అడిగే తీరు ఆనాటి ఫ్లోరెన్స్ వీధిలోదే.

మసాచ్చో కూడా ఆ పన్ను కాగితం నింపాడు. 1427 జులై నాటిది. తల్లి, తమ్ముడు, తాను అద్దె ఇంట్లో ఉంటున్నామని, అప్పులున్నాయని అందులో ఉంది. ఈ గోడల్ని వేస్తున్న మనిషి చేతిలో మిగిలినదేమీ లేదు.

కింది వరసలో, బలిపీఠానికి ఎడమవైపున, సన్నటి గోడ మీద ఉన్న బొమ్మ ముందు ఎక్కువసేపు ఆగాలి. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో ఒక మాట వస్తుంది: పేతురు వెళుతుంటే కనీసం ఆయన నీడైనా తమ మీద పడాలని రోగుల్ని వీధుల్లోకి తెచ్చి పడుకోబెట్టేవారని. దీన్ని బొమ్మగా వేయాలంటే నీడ వేయడం వచ్చి ఉండాలి. నేల మీద నీడ పడని బంగారు లోకంలో ఈ కథని చెప్పడానికే వీల్లేదు. మసాచ్చో పేతురుని ఇరుకైన వీధిలో నడిపించాడు. పక్కన పెద్ద రాళ్ళతో కట్టిన భవనం, తరవాత వరస ఇళ్ళు, అచ్చంగా ఫ్లోరెన్స్ సందు. గోడ పక్కన రోగులు. చివరివాడు ఎండిపోయిన కాళ్ళతో ఇంకా నేల మీదే ఉన్నాడు, మధ్యవాడు లేస్తున్నాడు, ఇంకొకడు లేచి నిలబడి చేతులు జోడించాడు. నీడ వాళ్ళ మీదుగా సాగిపోతోంది. పేతురు వాళ్ళ వైపు చూడను కూడా చూడడు. చూపు తిన్నగా, మన వైపు. చెయ్యి ఎత్తలేదు, దీవించలేదు. అద్భుతం జరుగుతోంది, జరిపించేవాడు తన దారిన నడుస్తున్నాడు. మసాచ్చో వేసిన వాటిలో ఆయన ఉద్దేశాన్ని ఇంత సూటిగా చెప్పే బొమ్మ ఇంకొకటి లేదు. ఇక్కడ మహిమ అంతా ఎండలో నడిచే ఒక మనిషి నీడలో ఉంది.

దానికి పక్కనే, బలిపీఠానికి అవతల, పేతురు డబ్బు పంచుతున్న దృశ్యం. కాళ్ళ దగ్గర అననీయ చచ్చిపడి ఉన్నాడు. అమ్మిన పొలం డబ్బులో కొంత దాచుకుని అబద్ధమాడినవాడు. చంకలో బిడ్డతో ఒక పేదరాలు చెయ్యి చాపింది. దానం, శిక్ష ఒకే బొమ్మలో ఉన్నా ఎవరి ముఖంలోనూ హడావుడి లేదు. దీని పైన బాప్తిస్మం బొమ్మలో తన వంతు కోసం చలికి వణుకుతూ నిలబడ్డ కుర్రాణ్ణి వసారీ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

ఈ పని నడుస్తుండగానే, 1426లో, మసాచ్చో పీసా ఊళ్ళోని కార్మెలైట్ చర్చికి పెద్ద పలక చిత్రం ఒప్పుకున్నాడు. వేయించింది ఒక నోటరీ. కూలి 80 ఫ్లోరిన్లు, ఫిబ్రవరిలో మొదలై డిసెంబరు 26న చివరి చెల్లింపు. చెల్లింపుల లెక్కల్లో డొనటెల్లో పేరు కూడా కనిపిస్తుంది. అప్పుడు ఆయనా పీసాలోనే పనిచేస్తున్నాడు. తరవాతి కాలంలో ఆ చిత్రాన్ని ముక్కలుగా విడగొట్టారు. ఇప్పుడు మరియ, బాల యేసు ఉన్న ముఖ్య పలక లండన్ నేషనల్ గ్యాలరీలో, సిలువ పలక నేపుల్స్‌లో, కింది వరస చిన్న బొమ్మలు బెర్లిన్‌లో ఉన్నాయి. పీసాలో మిగిలింది పౌలు ఒక్కడే. లండన్ పలకలో నేపథ్యం బంగారమే, వేయించినవాళ్ళు అడిగి ఉంటారు. అయినా రాతి సింహాసనం మీద మరియ నీడ పడుతుంది. పిల్లాడు ద్రాక్షపళ్ళు తింటూ వేళ్ళు చప్పరిస్తున్నాడు. ఆ ద్రాక్ష రాబోయే రక్తానికి గుర్తని ఆనాటి భక్తులకి తెలుసు. తల్లి ముఖంలో అది ఉంది, పిల్లాడికి మాత్రం రుచి ఒక్కటే తెలుసు. నేపుల్స్ పలక చర్చిలో చాలా ఎత్తున ఉండేది. అందుకే కింద నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా, యేసు మెడ భుజాల్లోకి కుంగిపోయినట్టు వేశాడు. మ్యూజియంలో కంటి ఎదుట చూసినవాళ్ళకి అది లోపంలా అనిపిస్తుంది. చూసేవాడు ఎక్కడ నిలబడతాడన్నది లెక్కలోకి తీసుకుని వేసిన బొమ్మని అక్కణ్ణుంచే చూడాలి.

ఆ లెక్క పరాకాష్ఠకి చేరింది శాంతా మరియా నొవెల్లా చర్చిలోని త్రిత్వం బొమ్మలో, 1427 ప్రాంతంలో. సుమారు ఆరున్నర మీటర్ల ఎత్తున్న ఫ్రెస్కో. గోడలోకి తొలిచినట్టు ఒక గది, పైన గడులు గడులుగా అర్ధవృత్తపు కప్పు. లోపల తండ్రి దేవుడు నిలబడి సిలువని రెండు చేతులతో పట్టుకున్నాడు, మధ్యలో పరిశుద్ధాత్మ పావురం. సిలువ కింద మరియ, యోహాను. గది బయట, స్తంభాల ముందు, బొమ్మ వేయించిన భార్యాభర్తలు మోకాళ్ళ మీద. వాళ్ళ ఒడ్డూ పొడుగూ దేవుళ్ళకి ఏం తీసిపోవు. అంతకుముందు దాతల్ని మూలన చీమంత చేసి వేయడం రివాజు. గీతలన్నీ కలిసే బిందువు సిలువ మొదట్లో, దాదాపు చూసేవాడి కంటి ఎత్తులో ఉంది. గారలో మేకు గుచ్చి తాడు లాగిన గుర్తులు, మరియ ముఖం మీద గళ్ళు గీసుకున్న గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. బొమ్మలోని వాళ్ళందరిలో మన వైపు చూసేది మరియ ఒక్కతే. కొడుకుని చెయ్యి చాపి చూపిస్తుంది. ముఖంలో కన్నీళ్ళు లేవు, కాఠిన్యం ఉంది. అన్నిటికంటే కింద రాతి పెట్టె మీద అస్థిపంజరం, దాని పైన రాత: 'ఒకప్పుడు నేను మీలాగే ఉండేవాణ్ణి, నేనిప్పుడు ఎలా ఉన్నానో మీరూ అలా అవుతారు.'

ఈ గోడకి నిజంగా చిల్లు పడినట్టు ఉంటుందని వసారీ రాశాడు. ఆ వసారీయే 1570 ప్రాంతంలో చర్చి మరమ్మతుల్లో భాగంగా దాని ముందు కొత్త బలిపీఠం కట్టి, తాను వేసిన పలక చిత్రంతో మూసేశాడు. చెక్కేయకుండా మూసి ఉంచడం మన అదృష్టం. 19వ శతాబ్దంలో అది మళ్ళీ బయటపడింది. అప్పుడు పైభాగాన్ని గోడనుంచి ఊడదీసి చర్చిలో వేరేచోట పెట్టారు. అస్థిపంజరం మాత్రం 1950ల మొదట్లోగానీ బయటపడలేదు. అప్పుడే రెండు భాగాల్నీ పాత చోట కలిపారు. అంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళ పాటు ఈ బొమ్మని మొత్తంగా చూసినవాళ్ళే లేరు.

బ్రంకాచ్చీ మందిరం పని పూర్తికాకుండానే మసాచ్చో రోమ్ వెళ్ళాడు. మసోలినో అప్పటికి హంగరీ నుంచి తిరిగొచ్చి అక్కడ పనిలో ఉన్నాడు. 1428లో మసాచ్చో రోమ్‌లోనే చనిపోయాడు. 26 ఏళ్ళు. విషం పెట్టారని పుకారు ఉండేదని తరవాతివాళ్ళు రాశారు గానీ దానికి ఆధారం లేదు. ఫ్లోరెన్స్ పన్ను పుస్తకంలో ఆయన పేరు పక్కన ఒక గుమాస్తా 'రోమ్‌లో చనిపోయాడంటున్నారు' అని రాసుకున్నాడు. కబురు విని బ్రూనెల్లెస్కీ 'మనకి చాలా పెద్ద నష్టం జరిగింది' అన్నాడని చెబుతారు. తమ్ముడు జొవాన్నీ కూడా చిత్రకారుడే. లో స్కెజ్జా పేరుతో పెళ్ళి పెట్టెల మీద, పురుటి పళ్ళేల మీద బొమ్మలు వేస్తూ చాలాకాలం బతికాడు. 1449లో లొరెంజో మెదిచీ పుట్టినప్పుడు పళ్ళెం వేసింది ఆయనే.

వేయించినవాడి కథ కూడా బాగా ముగియలేదు. ఫెలిచే బ్రంకాచ్చీ 1431లో ఆ పల్లా స్త్రోజ్జీ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. 1434లో వాళ్ళ రాజకీయ ప్రత్యర్థి కొసిమో మెదిచీ తిరిగి ఫ్లోరెన్స్‌లో అధికారంలోకి రాగానే మామకీ అల్లుడికీ దేశబహిష్కారం. గోడల మీద ఉన్న ఆ కుటుంబపు ముఖాల్ని చెరిపేశారని చెబుతారు. సగంలో ఆగిన కింది వరస యాభై ఏళ్ళు అలాగే ఉండిపోయింది. 1480ల్లో దాన్ని పూర్తి చేసింది ఫిలిప్పీనో లిప్పీ. ఆయన తండ్రి ఫ్రా ఫిలిప్పో లిప్పీ ఇదే మఠంలో 1421లో సన్యాసం పుచ్చుకున్నవాడు. ఫిలిప్పో కుర్ర సన్యాసిగా ఉన్నప్పుడు మసాచ్చో ఇక్కడ నిచ్చెన మీద ఉన్నాడు. తండ్రి చూసి నేర్చుకున్న గోడ మీద కొడుకు తన చేతిని మసాచ్చో చేతికి తగ్గించుకుని పనిచేశాడు. ఎక్కడ ఒకరిది ఆగి ఇంకొకరిది మొదలవుతుందో చాలాచోట్ల వెతికితేగానీ దొరకదు.

బతికుండగా మసాచ్చోకి పెద్ద పేరు రాలేదు, తరవాత కూడా ఆయన్ని ముందుగా గుర్తించింది డబ్బున్నవాళ్ళు కాదు, చిత్రకారులే. లియోన్ బత్తిస్తా అల్బెర్తీ 1436లో చిత్రకళ మీద తన పుస్తకం ముందుమాటలో బ్రూనెల్లెస్కీ, డొనటెల్లోల సరసన పేరు పెట్టి చెప్పిన చిత్రకారుడు ఆయనొక్కడే. జొట్టో తరవాత దిగజారిన కళని, ప్రకృతిని తప్ప వేరే దేన్నీ గురువుగా తీసుకోకూడదని తన పనితో నిరూపించి మసాచ్చో నిలబెట్టాడని లియొనార్డో ద వించీ రాసుకున్నాడు. కుర్రవాడైన మైకెలాంజెలో ఈ మందిరంలో కూచుని బొమ్మలు దించేవాడు. పన్ను కడుతున్న పేతురుని ఆయన గీసిన కాగితం మ్యూనిక్‌లో ఉంది. ఆయన ముక్కు పగలగొట్టించుకున్నది కూడా ఇక్కడ బొమ్మలు దించే రోజుల్లోనే, తొర్రిజానో అనే తోటి విద్యార్థితో జరిగిన గొడవలో. సిస్టీన్ చాపెల్ కప్పు మీద తోటలోంచి వెళ్ళిపోతున్న ఆదాము హవ్వల్ని చూసినవాళ్ళకి, మైకెలాంజెలో ఎవరి దగ్గర పాఠం నేర్చుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మందిరం ఇప్పటిదాకా నిలవడం కూడా అద్భుతమే. 17వ శతాబ్దం చివర్లో దాన్ని దక్కించుకున్న ఒక ధనవంతుడు, పాతబడిన ఈ బొమ్మల్ని తీసేసి కొత్తవి వేయించాలనుకున్నాడు. అప్పటి పాలకుడి తల్లి విట్టోరియా దెల్లా రొవెరే అడ్డుపడింది. అదే శతాబ్దంలో ఆదాము హవ్వల నడుములకి ఆకులు వేశారు. 18వ శతాబ్దంలో మసోలినో వేసిన పైకప్పు బొమ్మలు పోయాయి. 1771 జనవరిలో చర్చి అగ్నిప్రమాదంలో చిక్కుకుంది. గోడలు నిలిచాయి, కానీ పొగ, మసి పట్టి రంగులన్నీ గోధుమ రంగులోకి దిగిపోయాయి. తరవాతి రెండు వందల ఏళ్ళూ మసాచ్చో అంటే దిగులు రంగుల చిత్రకారుడని జనం అనుకున్నది ఈ మసి వల్లే.

1980ల్లో శుభ్రం చేసేటప్పుడు బలిపీఠాన్ని తప్పించి చూస్తే, దాని వెనక గోడ అంచున చిన్న గుండ్రటి చట్రాల్లో రెండు ముఖాలు బయటపడ్డాయి. మంటలు, పొగ తాకని అసలు రంగులు. లేత గులాబీ, ఆకుపచ్చ, నారింజ. ఆ రంగులే మిగతా గోడలు ఒకప్పుడు ఎలా ఉండేవో చెప్పాయి. ఆకులు పోయాయి, మసి పోయింది. పన్ను కథలో ఆకాశం నీలంగా తేలింది, కొండల మీద మబ్బులు కనిపించాయి. మందిరం 1990లో మళ్ళీ జనం కోసం తెరిచారు. మసోలినో బొమ్మలు అనుకున్నంత నిస్సారంగా లేవని, మసాచ్చో రంగులు అనుకున్నంత చీకటిగా లేవని, ఇద్దరూ ఒకే వెలుతురుని పాటించడానికి ముందే మాట్లాడుకుని ఉంటారని అప్పటినుంచి నిపుణులు రాస్తున్నారు.